మార్లిస్ వేసిన గులాబి బుగ్గ

పొద్దున్నే కాఫీ తాగి బొమ్మ ముందు కూర్చోవడం మార్లిస్‌కి ఏళ్లనాటి అలవాటు. ఆమె బొమ్మల్లో ఎప్పుడూ అమ్మమ్మల కాలం నాటి అమెరికాయే: గళ్ల గౌనులో నవ్వే ఇల్లాలు, పొగలు కక్కే 'ఆపిల్ పై' వంటకం, గుమ్మంలో టోపీ తీస్తున్న మొగుడు. అలాంటి కాలం నిజంగా ఉండేదా అని ఆ మిన్నెసోటా ఊళ్లో ఎవరూ అడగరు.

బొమ్మలో ముఖం ఎలా పడితే, ఎదుట కూర్చున్న మనిషి ముఖమూ అలాగే మారుతుంది. పాస్టరుగారి భార్య ముడతలు అలాగే పోయాయి. "ఈసారి గడ్డం కింద కాస్త తగ్గించమ్మా" అని చెప్పి మరీ కూర్చుంటారావిడ.

ఆ రోజు చెల్లెలు కారిన్ వచ్చింది. ఎడమ కన్ను కింద నల్లగా కమిలిపోయి ఉంది.

"డ్వేన్ పనేనా?"

"మొగుడు కాక ఇంకెవరు? రేపు కోర్టుకెళ్తున్నానక్కా. వాణ్ణి ఇంట్లోంచి పంపించెయ్యమని అడుగుతా."

"మంచి పని. ఊరికే కూర్చుంటే బెంగ పెట్టుకుంటావు. ఆ గళ్ల గౌను వేసుకుని కాసేపు ఎదురుగా కూర్చో."

కబుర్లలో పడ్డారు. ఆ ఊళ్లో అతిథి కాఫీ ఒలకబోస్తే చూడనట్టే తుడిచేస్తారు. మార్లిస్ చెయ్యీ అంతే. మాటల మధ్యలోనే గులాబి రంగు కలిపి బుగ్గ నున్నగా దిద్దేసింది.

కారిన్ తడుముకుంది. నొప్పి లేదు.

"ఎంత పని చేశావే అక్కా! ఇప్పుడు జడ్జికి ఏం చూపించను? చర్చిలో పాటలు పాడే మనిషి కొట్టాడంటే ఎవరు నమ్ముతారు?"

మార్లిస్ కుంచె కింద పెట్టేసింది.

"మళ్లీ వెయ్యి."

"నా చేత్తోనా? నేను వేస్తే ఇక దానంతటది మానదే!"

"వెయ్యి."

నీలం, నలుపు, కాస్త పసుపు. ఆ రంగు మార్లిస్ ఎన్నడూ కలపలేదు. కుంచె తగిలినప్పుడల్లా కారిన్ "అమ్మా" అని మూలిగింది. అక్క ఏడుస్తూ ఆగిపోతే, "ఇంకాస్త ముదురుగా. జడ్జిగారికి చూపు ఆనదట" అంది.

జడ్జి చూశాడు. డ్వేన్ ఆ సాయంత్రమే ఇల్లు ఖాళీ చేశాడు.

బొమ్మ ఎవరూ కొనలేదు. "రా, చెరిపేస్తా" అని మార్లిస్ బతిమాలుతూనే ఉంది. "చెరిపితే ఏమీ జరగలేదంటారు" అంటుంది కారిన్.

ఆదివారాలు చర్చిలో ఆమె ఎడమ బుగ్గ అందరికీ కనబడేలా కూర్చుంటుంది. ఆడవాళ్లు ఆమె కప్పులో కాఫీ పోస్తూ, కిటికీ వైపు చూసి, "ఈ ఏడు మంచు తొందరగా పడింది కదూ" అంటారు.