ఉన్నయి అనే అలవాటు

ఆ పొద్దున ఆకాశం మరీ తేటగా ఉంది. పెళ్ళయి ఊరు విడిచి ఈ పరాయి రాష్ట్రంలోని భేస్తాన్ వచ్చిన పదమూడేళ్ళలో మిల్లుల పొగ లేని ఆకాశం చూడలేదు నేను. లాక్‌డౌన్ పెట్టి నెల దాటింది. బట్టలు నేసే సాంచాల చప్పుడు లేక చెవులు గుయ్యిమంటున్నాయి. బియ్యం డబ్బాలో గ్లాసు పెట్టి కొలిచాను. మూడు గ్లాసులు. మళ్ళీ డబ్బాలో పోసి మళ్ళీ కొలిచాను. మూడే.

అప్పుడే గడప బయట సోమలింగం అన్న గొంతు వినిపించింది. ఆయనా మా ఆయనా ఒకే కార్ఖానాలో సాంచాలు నడుపుతారు. ఎవరో పుణ్యాత్ములు తెలుగోళ్ళకు బియ్యం, పప్పు పంచుతారట. గల్లీలో పేర్లు రాసుకుంటూ వస్తున్నాడు.

"లింగమూర్తీ, నీ పేరు రాయాల్నా?"

"నాకెందుకన్నా. మా భాగీరథి ఇంట్ల గింజ తక్కువ కానియ్యది. లేనోళ్ళకు రాయి." మా ఆయన నోట్లో పొగాకు కలిపిన వక్కల మావా ఉన్నట్టుంది, మాట ముద్దగా వచ్చింది.

"అదృష్టవంతునివి. మా ఆమె నిద్ర లేస్తె చాలు, అది లేదు ఇది లేదని నా పానం తోడుతది."

ఇద్దరూ నవ్వారు.

పెళ్ళయిన కొత్తలో మా అత్త వజ్రమ్మ చెప్పింది, "మొగడు ఇంట్ల అడుగు పెట్టంగనే లేదు అనకు. లేదన్న ఇంట్ల ఏదీ నిలవది" అని. బియ్యం ఉన్నయా అని ఆయన అడిగితే ఉన్నయి అనేదాన్ని. నూనె ఉన్నదా, ఉన్నది. నువ్వు తిన్నవా, తిన్న. ఆయన తెచ్చిచ్చేది ఇరవయ్యో తారీఖు దాకా వచ్చేది. ఆ మీది పది రోజులు నేను చీరలకు మెరుపు రాళ్ళు అంటించి నడిపేదాన్ని. మెడ పట్టేసేది, వేళ్ళ మీద గమ్ము ఎండి తోలు లేచేది. "ఊకె కూసోలేక అంటిస్తది" అని వచ్చినవాళ్ళకు చెప్పేవాడు. నేను దిద్దలేదు. "నా ఒక్కని జీతం మీద ఇల్లు రాజాలెక్క నడుస్తది" అంటే లోలోపల గర్వపడ్డాను కూడా, ఆ పొగడ్త నాకే అనుకుని. ఉన్నయి అనుకున్నాడు కాబట్టే కొత్త ఫోన్ కొన్నాడు, మావా పెంచాడు. దుకాణాలు మూశాక అదే మావా చాటుగా నాలుగింతల ధర పెట్టి తెచ్చుకుంటున్నాడు. చీరల మూటలు రావడం ఆగిన సంగతి ఆయనకు పట్టనే లేదు. నిన్న అడిగితే కూడా ఉన్నయనే అన్నాను. ఆయన్ని తిట్టుకుందామంటే నా నోరే నాకు అడ్డం వచ్చింది.

వెనక నుంచి జమున అంది, "అమ్మా, నాకియ్యాల బువ్వ వద్దు. ఆకలైతలేదు."

తొమ్మిదేళ్ళ పిల్ల. కళ్ళు డబ్బా మీద ఉన్నాయి.

"బాపు అడుగుతె తిన్న అని చెప్త" అంది.

అచ్చం నా గొంతే. నేను డబ్బా చంకన పెట్టుకుని బయటికి నడిచాను.

సోమలింగం అన్న అప్పటికే పక్కింటి ముందర ఉన్నాడు. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని పిలిచాను. "అన్నా, మా పేరు రాయి. మూడు గ్లాసులే ఉన్నయి." డబ్బా వంచి చూపించాను.

గడప ముందర కూర్చున్న మా ఆయన లేచి నిలబడ్డాడు. "ఏందే గిది? నిన్న ఉన్నయంటివి గద."

"అబద్ధం చెప్పిన. పదమూడేండ్ల సంది చెప్తున్న."

"గల్లీల ఇజ్జత్ తీస్తివి. ఇంట్ల చెప్తే నేను వినకపోదునా?"

ఏమో, వినేవాడేమో. ఒక్కసారైనా చెప్పి చూసింది లేదు.

సోమలింగం అన్న మా ఇద్దరినీ చూడకుండా కాగితం చూశాడు. "లిస్టు నిండింది చెల్లె. అడుగున రాస్త. వస్తయో రావో రేపు గని తెల్వది."

మధ్యాహ్నం ఒక్క గ్లాసు బియ్యం వండి పచ్చిపులుసు చేశాను. రోజూ ఆయనకు పెట్టి, పిల్లకు పెట్టి, చివర గిన్నె గీరుకునేదాన్ని. ఆ పూట మూడు కంచాలు ఒక్కసారే పెట్టి సమంగా వడ్డించాను. పిలవకుండానే ఆయన వచ్చి కూర్చున్నాడు. నా కంచంలోకి ఒకసారి చూశాడు. జమున మా ఇద్దరి మొహాలూ చూసి ముద్ద కలిపింది. సగం తిన్నాక అలవాటుగా ఆయన చెయ్యి గిన్నె వైపు పోయింది. గిన్నెలో ఏమీ లేదు. చెయ్యి వెనక్కి తీసుకుని తన కంచంలో మెతుకులు దగ్గరికి జరుపుకున్నాడు. ముగ్గురం నెమ్మదిగా తిన్నాం.