హేచరీలో చక్రాల చప్పుడు

విశ్వాసం తాడేపల్లిగూడెంలో ఒక వెల్డింగు షాపులో పనిచేసేవాడు. సాయంత్రం షాపు కట్టేయగానే చేతులు కడుక్కుని, స్కేట్‌బోర్డు చంకలో పెట్టుకుని మూతపడిన రైసుమిల్లు దగ్గరికి వెళ్లేవాడు. ఆ మిల్లులో ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్లం అరెకరం పైనే ఉంటుంది. ఆరబోసేవాళ్లు లేక అది ఖాళీగా పడివుంటే ఊళ్లో కుర్రాళ్లు దాన్ని తమ స్కేటింగ్ మైదానం చేసుకున్నారు. జట్టుకి 'గూడెం వీల్స్' అని పేరు పెట్టుకున్నారు.

జట్టుకి పెద్ద అభిషేక్. కాంట్రాక్టరు గారి అబ్బాయి, ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. ఊళ్లోకి మొదటి స్కేట్‌బోర్డు తెచ్చింది అతనే. విశ్వాసానికి బోర్డు మీద నిలబడడం నేర్పిందీ అతనే. రెండు చేతులూ పట్టుకుని, "మోకాళ్లు వంచరా, నేనున్నాగా," అంటూ కళ్లమంతా తిప్పాడు. ఏడాది తిరక్కుండానే విశ్వాసం అతన్ని దాటిపోయాడు. పరిగెత్తే బోర్డుని కాలితో తన్ని, అది గాల్లో గిర్రున తిరిగి వచ్చేలోపు మళ్లీ దానిమీదే దిగడం ఆ జట్టులో అతనొక్కడికే వచ్చు.

ఆ కళ్లం మీద ఒక మాట ఉండేది. ఎవరైనా భయపడి మధ్యలో బోర్డు దిగిపోతే "తేడాగాడు!" అని అరిచేవారు. పడి మోకాలు పట్టుకుని మూలిగితే "పాయింట్ ఫైవ్!" అనేవారు. నువ్వు మగాడివి కాదని వెక్కిరించడమే రెండింటి అర్థం. అది తిట్టని కూడా ఎవరికీ అనిపించేది కాదు, ఈల వేసినంత మామూలుగా వచ్చేసేది. విశ్వాసం ఆ మాటకి నవ్వేవాడు కాదు, ఎదురు చెప్పేవాడూ కాదు. తను పడకుండా ఉంటే ఆ మాట తనదాకా రాదనుకునేవాడు. అందుకే అందరిలోకీ తక్కువ పడేది అతనే.

హఫీజ్ అతనికి ఏలూరు వెళ్లే ప్యాసింజరు రైల్లో పరిచయమయ్యాడు. ఏలూరులో తివాచీలు నేసే కుటుంబం వాళ్లది. హఫీజ్ మాత్రం ఒక ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. విశ్వాసం ఒళ్లో ఉన్న బోర్డుని చాలాసేపు చూసి, "ఏవండీ, ఇది తొక్కితే నడుం విరగదాండి?" అని అడిగాడు.

"విరిగితే చూడ్డానికి మీలాంటోళ్లు ఉన్నారుగదండి," అన్నాడు విశ్వాసం.

ఇద్దరూ నవ్వేశారు. ఆ నవ్వుతో మొదలైంది. తర్వాత రెండేళ్లు వాళ్లిద్దరూ రైళ్లలో, బస్టాండుల్లో, టీ కొట్ల దగ్గర కలుసుకున్నారు. ఒక ఆదివారం ఆటపాకలో గూడబాతులు చూడ్డానికి పడవెక్కారు. కొల్లేరు మీద చల్లగాలి కొడుతోంది. చుట్టూ తెలిసినవాళ్లెవరూ లేరనుకుని హఫీజ్ చెయ్యి పట్టుకున్నాడు విశ్వాసం. వెనక పడవలో, ఇంట్లోవాళ్లతో వచ్చిన మణిదీప్ ఉన్నాడు. గూడెం వీల్స్‌లో అతనూ ఒకడు. ఫోన్లో ఫొటో తీశాడు. ఆ రాత్రికల్లా అది విశ్వాసాన్ని చేర్చకుండా జట్టు కుర్రాళ్లు పెట్టుకున్న ఇంకో వాట్సాప్ గ్రూపులో తిరిగింది.

ఇదేమీ తెలియని విశ్వాసం ఆ వారంలోనే హఫీజ్‌ని మొట్టమొదటిసారి కళ్లానికి తీసుకెళ్లాడు, తను ఎలా తొక్కుతాడో చూపిద్దామని. గేటు దాటి లోపలికి అడుగుపెట్టేసరికి చక్రాల చప్పుడు ఆగిపోయింది.

"ఏరా, పెళ్లికి మమ్మల్ని పిలవవా?" అన్నాడు అభిషేక్. ఎవరో కిసుక్కున నవ్వారు. అభిషేక్ నవ్వలేదు. "ఇన్నాళ్లూ నా చేతులు పట్టుకుని నేర్చుకున్నావు గదరా. తల్చుకుంటేనే ఒళ్లు కంపరంగా ఉంది."

"వెళ్లిపోతాం. దారివ్వు," అన్నాడు విశ్వాసం.

"ముందు కాదని చెప్పు. ఫొటో అబద్ధమని చెప్పు."

విశ్వాసం హఫీజ్ వైపు చూశాడు. "అబద్ధం కాదు," అన్నాడు.

అభిషేక్ తన బోర్డుని రెండు చేతులతో పట్టుకుని చక్రాల ఇనుము ఉన్న వైపుతో కొట్టాడు. విశ్వాసం మొహానికి అడ్డం పెట్టిన ఎడమచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. మధ్యలోకి వచ్చిన హఫీజ్ కనుబొమ్మ చిట్లి రక్తం కంట్లోకి కారింది. జట్టులో ఇంకో ఇద్దరు వచ్చి, కిందపడ్డ వాళ్లిద్దర్నీ కాళ్లతో తన్నారు. అరిచిన మాటలు రోజూ ఆ కళ్లం మీద వినపడేవే. మణిదీప్ ఫోను పట్టుకుని వీడియో తీస్తున్నాడు.

జట్టులో ఒకే ఒక్క ఆడపిల్ల రూబీ. నర్సింగు చదువుతోంది. ఆడపిల్లని ఆ రెండో గ్రూపులో చేర్చలేదు కాబట్టి ఆమెకి ఏమీ తెలియదు. "ఆపండ్రా! చచ్చిపోతారు!" అని అరిచినా ఎవరూ ఆగకపోయేసరికి పక్క మిల్లుకి పరిగెత్తి, బస్తాలు మోస్తున్న హమాలీలని వెంటబెట్టుకొచ్చింది. వాళ్లని చూసి కుర్రాళ్లు బైకులెక్కి పారిపోయారు.

ఏలూరు ఆసుపత్రిలో విశ్వాసం మణికట్టుకి ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. వాళ్లమ్మ అచ్చాయమ్మ కలిదిండిలో చేపల ప్యాకింగు షెడ్డులో పనిచేస్తుంది. ఆమె బస్సెక్కేలోపే ఆ వీడియో కలిదిండి చేరిపోయింది. బస్సులో వెనక సీటులోనే ఎవరో సౌండు పెట్టుకుని చూశారు. తన కొడుకు కేకలు వింటూ ఆమె ఏలూరుదాకా కూర్చుంది.

మంచం పక్కన స్టూలు మీద కూర్చుని అతని దుప్పటి సర్దింది. "పక్క వార్డులో తలకి కట్టుతో ఉన్నాడు, ఆ అబ్బాయేనా?" అంది.

"ఆయ్," అన్నాడు విశ్వాసం, గోడవైపు చూస్తూ.

"భోంచేశాడా?"

విశ్వాసానికి ఏడుపు ఆగలేదు. అచ్చాయమ్మ కొంగుతో అతని మొహం తుడిచింది. "నాకంతా అర్థమైపోయిందని చెప్పన్రా. అర్థం చేసుకోడానికి నాకు టైము కావాలి. కానీ కొట్టినోడిది తప్పని తెల్సుకోడానికి టైమెందుకు? కేసు పెడదాం," అని క్యారియరు తీసుకుని పక్క వార్డులోకి వెళ్లింది.

అక్కడ హఫీజ్ వాళ్ల నాన్న అబ్దుల్ హమీద్ గారు గుమ్మందాకా వచ్చి, కొడుకుని చూసి, లోపలికి రాకుండానే వెళ్లిపోయారు. అక్క జులేఖా మాత్రం ఉండిపోయింది. అచ్చాయమ్మ పెట్టిన అన్నం తమ్ముడికి తినిపించింది.

జట్టు గ్రూపులో పడ్డ వీడియోని చెరిపేసేలోపే రూబీ దాచిపెట్టింది. దాన్ని తనే పట్టుకెళ్లి పోలీసులకిచ్చింది. కేసు నమోదైన వారానికి అభిషేక్ వాళ్ల నాన్నగారు ఇద్దరు పెద్దమనుషుల్ని తీసుకుని కలిదిండి వచ్చారు.

"కుర్రతనం అండి. ఏదో ఆవేశంలో జరిగిపోయింది. రేపు కోర్టుకెక్కితే మీవాడి పేరే నలుగురి నోళ్లలో నానుద్ది. రాజీ చేసుకుంటే ఇద్దరికీ మర్యాదండి," అన్నారాయన.

"నాననివ్వండి," అంది అచ్చాయమ్మ. "మంచి పేరే పెట్టుకున్నామండి వాడికి. దాచుకోవాల్సిన పేరేం కాదు."

వాళ్లు కాఫీ కూడా తాగకుండా లేచి వెళ్లిపోయారు.

చేతికట్టుతో విశ్వాసం కొన్ని నెలలు కలిదిండిలోనే ఉన్నాడు. పొద్దున్నే చెరువుగట్ల మీద ఊరికే నడిచేవాడు. మొదట్లో బైకు చప్పుడైతే గట్టు దిగి పక్కకి తప్పుకునేవాడు. బోర్డు పేరెత్తితే లేచి వెళ్లిపోయేవాడు. అలా నడుస్తూ ఒకరోజు భీమశంకరం గారి హేచరీ దగ్గర ఆగిపోయాడు. ఒకప్పుడు అక్కడ చేపపిల్లల్ని పుట్టించేవారు. మూసేశాక గుండ్రటి సిమెంటు తొట్టి ఒకటి ఎండిపోయి మిగిలింది. పెద్ద ఇల్లంత వెడల్పు. నీళ్లు గుండ్రంగా తిరిగి మధ్యకి జారేట్టు అడుగు వాలుగా కట్టారు. విశ్వాసం అందులోకి దిగి, చెప్పులు విప్పి, పాదంతో ఆ వాలుని తడిమి చూశాడు. విదేశాల్లో కుర్రాళ్లు ఎండిపోయిన ఈతకొలనుల్లో గోడలెక్కుతూ స్కేటింగ్ చేసే వీడియోలు కళ్లముందు తిరిగాయి. చాలాకాలం తర్వాత అరికాళ్లలో జివ్వుమంది.

భీమశంకరం గారు గట్టు మీంచి తొంగిచూశారు. "ఎవర్రా అది? ఆ వీడియోలో కుర్రాడివి నువ్వేనా?"

"ఆయ్, నేనేనండి."

"ముగ్గురు కలిసి ఇద్దర్ని తన్నడం చూశాను. మొత్తం చూళ్లేక ఆపేశాను." ఆయన తొట్టి అంచుదాకా వచ్చి, "తొట్లో ఏం వెతుకుతున్నావు?" అన్నారు.

విశ్వాసం చెప్పాడు. ఆయన మొదట నమ్మలేదు. తర్వాత పగలబడి నవ్వారు. "చేపపిల్లల్ని తిప్పాను గానీ మనుషుల్ని తిప్పలేదురా ఇందులో. సరే, తిప్పు చూద్దాం. ఎవడన్నా తల పగలగొట్టుకుంటే నా పూచీ లేదు."

గోడకీ నేలకీ మధ్యనున్న మూలని వంపుగా మార్చాలి. చేతికట్టు విప్పాక విశ్వాసం ఇటుక ముక్కలు పేర్చి, సిమెంటు పోసి, వంచిన రేకుతో లాగుతూ నునుపు చేశాడు. ఆదివారాలు హఫీజ్ ఏలూరు నుంచి వచ్చి నీళ్లు మోసేవాడు. అచ్చాయమ్మ అతన్ని పేరు పెట్టి పిలవడానికి మొదట్లో తడబడేది. ఎండాకాలం వచ్చేసరికి "హఫీజూ, కూర ఎలా ఉంది?" అని వంటింట్లోంచి కేకేయడం అలవాటైపోయింది. గూడెం వీల్స్‌ని వదిలేసిన రూబీ ఇంకో ఇద్దరు అమ్మాయిల్ని తీసుకొచ్చింది. కుర్రాళ్ల వెటకారం పడలేక ఎప్పుడో స్కేటింగ్ మానేసినవాళ్లు. తొట్టి గిన్నెలా ఉందని వాళ్లే దానికి 'కొల్లేరు బౌల్' అని పేరు పెట్టారు.

కేసు గూడెం కోర్టులో విచారణకొచ్చింది. విశ్వాసం బోనెక్కినరోజు హాలు నిండిపోయింది. కలిదిండి నుంచి భీమశంకరం గారు, ప్యాకింగు షెడ్డులో ఆడవాళ్లు కూడా వచ్చారు. ఎదుటిపక్షం ప్లీడరు గారు చాలాసేపు అటూ ఇటూ తిప్పి ప్రశ్నలేశారు. చివరికి గొంతు పెంచారు.

"అసలు మీకూ ఆ హఫీజ్‌కీ ఉన్న సంబంధం ఏంటండి? సిగ్గుపడకుండా చెప్పండి."

విశ్వాసం హాలంతా ఒకసారి చూశాడు. ముందు బెంచీలో కూర్చున్న అభిషేక్ తల వంచి, కింది నుంచి చూస్తున్నాడు. అచ్చాయమ్మ కదలకుండా కూర్చుంది. హఫీజ్ కనుబొమ్మ మీద మచ్చ దూరానికే కనబడుతోంది.

"సిగ్గెందుకండి?" అన్నాడు విశ్వాసం. "నేను అతన్ని ప్రేమిస్తున్నానండి. అతనూ నన్ను ప్రేమిస్తున్నాడు. చట్టం దాన్ని తప్పనడం లేదండి. నా చెయ్యి విరగ్గొట్టడాన్ని తప్పంటోంది. మనం వచ్చింది దానిగురించే గదండి."

ప్లీడరు గారు కాగితాలు సర్దుకుని, "ఇంక ప్రశ్నల్లేవండి," అని కూర్చున్నారు. బోను దిగుతుంటే విశ్వాసానికి ఒళ్లంతా తేలికైపోయింది. తీర్పు ఏమొచ్చినా ఈ మాటని ఇంక ఎవరూ తనమీద ప్రయోగించలేరు. అది తనే చెప్పేశాడు, నలుగురిలో, పట్టపగలు.

ఆ తర్వాతి వాయిదాకి మణిదీప్ సాక్షిగా వచ్చాడు. ఇంట్లోవాళ్లు వద్దన్నా వచ్చాడు. "వీడియో తీసింది నేనేనండి. ఫొటో పెట్టిందీ నేనే. మొదట కొట్టింది అభిషేక్," అని చెప్పాడు. తీర్పొచ్చిన రోజు అభిషేక్‌కీ అతనితో పాటు తన్నిన ఇద్దరికీ జైలుశిక్ష పడింది. వాళ్లు పైకోర్టుకి వెళ్తారని అందరికీ తెలుసు. అభిషేక్‌ని బయటికి తీసుకెళ్తుంటే విశ్వాసానికి సంతోషం కలగలేదు. నేర్పిన చేతులవి. కానీ కోర్టు మెట్లు దిగి రోడ్డు మీదికొచ్చి హఫీజ్ చెయ్యి పట్టుకున్నప్పుడు మాత్రం అతనికి అటూ ఇటూ చూడాలనిపించలేదు.

వర్షాలు వెనకబట్టాక ఒక ఆదివారం కొల్లేరు బౌల్‌ని అందరికీ తెరిచారు. ఏలూరు, భీమవరం, విజయవాడ నుంచి స్కేటింగ్ చేసేవాళ్లు బస్సులూ బైకులూ ఎక్కి వచ్చారు. గూడెం వీల్స్ నుంచి కూడా మణిదీప్‌తో కలిపి నలుగురు వచ్చి గేటు దగ్గర తటపటాయిస్తూ నిలబడితే రూబీయే వెళ్లి లోపలికి పిలిచింది. తొట్టి చుట్టూ ఊరి జనం మూగారు. భీమశంకరం గారు కుర్చీ వేయించుకుని, వచ్చినవాళ్లందరికీ ఒకప్పుడు ఈ తొట్టిలో చేపపిల్లలు ఎలా తిరిగేవో చెబుతున్నారు.

మొదట దిగిన భీమవరం కుర్రాడు సగంలో జారిపడ్డాడు. గట్టు మీంచి అతని స్నేహితుడు అలవాటుగా అరిచేశాడు. "తేడాగాడు!"

గట్టు మీద తలలన్నీ అటు తిరిగాయి. అరిచినవాడికి తనెవరి తొట్టి దగ్గరున్నాడో గుర్తొచ్చి మొహం పాలిపోయింది. మణిదీప్ తల దించుకున్నాడు.

విశ్వాసం బోర్డు పట్టుకుని అరిచినవాడి పక్కకి వచ్చి నిలబడ్డాడు. "ఆ పేరు నాదిరా తమ్ముడూ. అతనిది కాదు. అతను పడ్డాడంతే," అన్నాడు నవ్వుతూ. "నేనెలా తొక్కుతానో చూసి, అప్పుడు అరుద్దువుగాని ఇంకోసారి."

బోర్డు వెనక భాగాన్ని తొట్టి అంచుమీద తొక్కిపట్టి, ముందుకాలు ముందు చక్రాల పైభాగాన బోర్డు మీద వేసి, శరీరం మొత్తాన్ని ఆ లోతులోకి వదిలేశాడు. వంపులో సర్రున జారి, అవతలి గోడ మీదికి లేచి, తిరిగి, ఇవతలి గోడకి వచ్చాడు. ప్రతి చుట్టుకీ ఎత్తు పెరిగింది. చక్రాల మోత తొట్టిలో గుండ్రంగా తిరుగుతూ జనం కాళ్లకింద అదిరింది. ఎడమ మణికట్టు పూర్తిగా వంగదు. దాన్ని గాల్లో అలాగే చాచి ఉంచి అంచుదాటి పైకి లేచాడు. ఒక్క క్షణం బోర్డూ మనిషీ రెండూ ఆకాశంలో ఉన్నాయి. మళ్లీ గోడని తాకి మెత్తగా కిందికి జారాడు.

గట్టంతా ఒక్క కేక. అరిచిన కుర్రాడు రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొడుతున్నాడు. ప్యాకింగు షెడ్డు ఆడవాళ్లు ఈలలు వేశారు. హఫీజ్ గట్టుమీంచి దూకి అతన్ని అందరి ముందూ గట్టిగా వాటేసుకున్నాడు. జనంలో ఒకరిద్దరు మొహాలు తిప్పుకున్నారు. మిగిలినవాళ్ల చప్పట్లు ఆగలేదు. జులేఖా ఫోనెత్తి వీడియో తీస్తోంది. "ఇది నాన్నగారికి పంపిస్తాను. చూస్తారో చూడరో ఆయనిష్టం," అంది రూబీతో.

చిన్నా పెద్దా అందరూ వంతులేసుకుని దిగడం మొదలుపెట్టారు. ఎవరు పడినా పక్కనున్నవాళ్లు చెయ్యిచ్చి లేపుతున్నారు. మధ్యాహ్నం అచ్చాయమ్మ చేపల పులుసు గిన్నె పక్కన పెట్టి, చీరకొంగు నడుముకి దోపుకుని తొట్టి మెట్లు దిగింది.

"ఏంట్రా అంత గొప్ప? నన్నూ ఓసారి ఎక్కించండి."

"పడతావమ్మా!"

"పడితే లేస్తాను. పట్టుకోండ్రా ఇద్దరూ."

ఒకపక్క విశ్వాసం, ఇంకోపక్క హఫీజ్ పట్టుకుంటే ఆమె బోర్డు మీద నిలబడింది. చక్రాలు కదిలాయి. "వద్దు వద్దు" అంటూనే గట్టిగా నవ్వుతూ, ఆ వాలంతా జారి, అవతలి గోడదాకా వెళ్లింది. అక్కడాగి, ఊపిరి తీసుకుని, "ఇంకొంచెం జోరుగా తొయ్యండి ఈసారి," అంది.