జాజు మోసిన మాట

నేను ఒక జాజు గడ్డను. గోదావరి దిగువన నన్ను కావిరాయి అంటారు. పుస్తకాలవాళ్లు జేగురు అంటారు, ఇంకా పెద్ద పుస్తకాలవాళ్లు గైరికం అంటారు. ఎవరెలా పిలిచినా నేను ఇనుము కలిసిన ఎర్రమట్టినే. నిజామాబాద్ వైపు ఒక గుట్ట కింద నన్ను తవ్వి, అంగట్లో గోనెపట్టా మీద కుప్ప పోశారు. నా తోబుట్టువుల్లో కొందరు గడపలకెక్కారు, కొందరు కుండల మెడలకు, కొందరు గొర్రెల వీపులకు. నన్ను మాత్రం రంపపు కోత పని చేసే లింబాద్రి కొన్నాడు. కొబ్బరి చిప్పలో నన్ను నీళ్లతో నూరి, అందులో తాడు ముంచి, ఆ తాడును మొద్దు మీద లాగి వదిలితే ఎర్రటి గీత పడుతుంది. రంపం ఆ గీత మీదే నడవాలి. అదీ నా ఉద్యోగం.

కోతకు ఇద్దరు కావాలి. మొద్దు మీద నిలబడేది లింబాద్రి, కింద గోతిలో నిలబడేది అతని చెల్లెలి మొగుడు భూమన్న. లింబాద్రికి ఈ మధ్య చూపు మందగించింది, ఒప్పుకోడు. అందుకని గీత కొట్టగానే భూమన్న ఒక కన్ను మూసి, కొస నుంచి చూసి, వంకర ఉంటే చెప్పేవాడు. ఏమీ అనలేదంటే గీత సరిగ్గా ఉన్నట్టే.

ఈ ఏర్పాటు చక్కగా సాగుతుండగా లింబాద్రి కూతురి పెళ్లి వచ్చింది. ఆ ఇంటి అల్లుడైన భూమన్నకు మర్యాదగా ముందు తలకు రుమాలు కట్టాలి. ఆ హడావిడిలో లింబాద్రి దాన్ని తీసుకెళ్లి సర్పంచి తలకు చుట్టాడు. మూరెడు గుడ్డ కోసం ఇద్దరి మధ్యా మాటలు ఆగిపోయాయి. మనుషుల తలలు ఎంత సున్నితమైనవో నాకు అప్పుడే తెలిసింది. అయినా రంపానికి రెండు పిడులు కదా, పని మానుకోలేదు. ఒకరికొకరు ఏం చెప్పాలన్నా అక్కడున్న మూడో మనిషితో చెప్పించుకునేవారు.

మొన్నటి రోహిణి కార్తెలో సాయవ్వ ఇంటికి వెళ్లాం. ఆమె ఇంటి దూలం చెదలు తిని పగిలింది. నాలుగు గుంజలు ఊతం పెట్టి కప్పును ఆపారు. లోపల బాలింత కోడలు, పసిగుడ్డు. వాన పడి పెంకు నానితే ఆ గుంజలు ఆగవు. పొలం గట్టున పెనిమిటి నాటిన టేకు చెట్టు ఒక్కటే ఆమెకు మిగిలింది, దాన్నే కొట్టించింది. మొద్దులో కొత్త దూలానికి సరిపడా చేవ ఉంది, కోత తప్పితే దిద్దుకోవడానికి మిగలదు. ఆకాశం అప్పటికే నల్లబడుతోంది.

"అవ్వా, తాడు బిర్రుగ వట్టుమను గాయినను," అన్నాడు లింబాద్రి.

"బిర్రుగనే వట్టిన అని చెప్పవ్వా," అన్నాడు భూమన్న మొద్దు అవతలి కొస నుంచి.

"ఏందయ్యా మీ లొల్లి, నడిమిట్ల నా నోరు నొయ్యవట్టె," అంది సాయవ్వ. ఇంతలో లోపల పసివాడు ఏడ్చాడు, ఆమె పరుగున వెళ్లింది.

లింబాద్రి తన కొసను మేకుకు చుట్టి, నడుమకు వచ్చి తాడు పైకి లాగాడు. వదిలే క్షణంలో ఈదురుగాలి వచ్చింది. తాడుతో పాటు నేనూ పక్కకు కొట్టుకుపోయి మొద్దు మీద వాలాను. నడిమిట్లో రెండు వేళ్ల వంపు. ఆ గీత ప్రకారం కోస్తే సరిగ్గా బరువు మోసే చోటే దూలం పలచబడుతుంది.

భూమన్న కన్ను మూసి చూశాడు. వంపు కనిపించింది. నోరు తెరిచి సాయవ్వ కోసం వెతికాడు. వాకిట్లో ఎవరూ లేరు. నోరు మూసుకుని గోతిలోకి దిగాడు. నాకు ఒళ్లంతా భయం పుట్టింది. లింబాద్రి ఏమో భూమన్న ఏమీ అనలేదు కాబట్టి అంతా బాగుందనుకుని రంపం ఎత్తాడు.

రంపం సాగింది. కొస దగ్గర వంపు ఉండదు కాబట్టి మొదట్లో తేడా తెలియదు. జానెడు కోత పడింది. పొట్టు భూమన్న ముఖం మీద రాలుతోంది. అతని పట్టు సడలుతోంది, రంపం బరువెక్కుతోంది, లింబాద్రి విసుక్కుంటూ ఇంకా గట్టిగా లాగుతున్నాడు. లోపల పసివాడి ఏడుపు ఆగింది, సాయవ్వ జోలపాట వినిపిస్తోంది. ఇంకో జానెడు పోతే ఆ దూలాన్ని ఎవరూ బాగుచేయలేరు. ఆ క్షణంలో నేను ఇద్దరినీ అసహ్యించుకున్నాను.

రంపం ఆగింది. భూమన్న పిడి వదిలేశాడు. గోతి అంచున చిప్పలో ఉన్న నా వైపు తిరిగాడు.

"ఏ జాజూ, నీ గీత వంకరవడ్డది. మీదున్నాయనకు చెప్పు."

నాకు నోరు లేదు. అయినా మాట చేరింది. లింబాద్రి వంగి గీతను వేలితో తడిమాడు.

"ఎంత వంకరనో అడుగు జాజూ."

"రెండు వేళ్లు. నడిమిట్ల."

"ముందుగాల ఎందుకు చెప్పలేదట?"

"చెప్పనీకి మనిషెవ్వలున్నరట?"

లింబాద్రి కిందికి దిగి తాడు మళ్లీ నాలో ముంచాడు. ఈసారి ఎవరూ అడగకుండానే భూమన్న తన కొసనూ మేకుకు చుట్టి, మొద్దెక్కి, తాడు నడుమ బొటనవేలు అదిమిపెట్టాడు. ఆ సగం ఒకసారి, ఈ సగం ఒకసారి కొట్టారు. గాలి ఏమీ చేయలేకపోయింది. సాయవ్వ బయటికొచ్చేసరికి మొద్దు మీద రెండు గీతలున్నాయి.

"ఇదేంది, రెండున్నయి?"

"గాలి," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

వానకు ముందే దూలం ఎక్కింది. ఎక్కిన రోజు పని పెద్దకు రుమాలు కట్టడం ఆనవాయితీ. సాయవ్వ రుమాలు తెచ్చి లింబాద్రి తల వైపు చేతులెత్తింది. అతను దాన్ని అందుకున్నాడు. నాలుగడుగులు నడిచి, గోడకు ఆనుకుని ఉన్న భూమన్న తలకు చుట్టాడు. చిప్పలోంచి చూస్తున్న నేను ఇప్పుడైనా వాళ్ల మధ్య నేరుగా ఒక మాట పుడుతుందనుకున్నాను.

భూమన్న తల పైకెత్తలేదు. కళ్లు తుడుచుకుని నా వైపు చూశాడు.

"జాజూ, జర వదులైందని చెప్పు."

లింబాద్రి విప్పి, మళ్లీ బిర్రుగా చుట్టాడు.

"ఇప్పుడు మంచిగున్నదా అడుగు."