బరువు రాని గోడ

అచ్చు విప్పి దిమ్మెను చేతిలోకి తీసుకోగానే ఆయనకు అనుమానం వచ్చింది. తేలిగ్గా ఉంది. అబ్బే, నా భ్రమ అనుకుంటూ త్రాసు మీద పెట్టాడు. ముల్లు రావాల్సిన చోటికి రాలేదు.

ఆసుపత్రి ఆవరణలో వేసిన ఆ పరీక్షల షెడ్డులో అందరూ ఆయన్ని దిమ్మెల బాబాయ్ అంటారు. సిమెంటు కలపడం, దిమ్మెలు పోయడం, మిషన్లో పెట్టి పగలగొట్టడం. బతుకంతా ఇదే. జీతం పెరగమంటే బట్టతల పెరిగిందని తనే జోకులేస్తాడు.

నిన్న పోసింది మాత్రం మామూలు గోడ కాదు. క్యాన్సర్ రోగులకు కిరణాలు పెట్టే గదిది. కిరణాలు బయటికి రాకుండా సిమెంటులో ముగ్గురాయి పొడి పడాలి, అది మహా బరువు. దాని పక్కనే సున్నపురాయి పొడి బస్తాలు. చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి. గుప్పెడు తీసి అరచేతిలో తూచి చూసుకోవడం ఆయన అలవాటు. నిన్న సిమెంటును త్వరగా గట్టిపరిచే మందు ముందే పడిపోయింది, ఆగితే మిక్సర్లోనే బిగుసుకుంటుందన్న కంగారులో తూచకుండా గుమ్మరించేశాడు. అందులోంచి పరీక్షకు తీసిందే ఈ దిమ్మె. మిగతా మాలంతా గోడ నడుమకే వెళ్లింది.

ఇంజనీరమ్మాయి వచ్చి దిమ్మెను మిషన్లో నొక్కించింది.

"ఒక్కరోజుకే ఇంత బలం వచ్చింది బాబాయ్. మందు భలే పనిచేసింది."

"ఆఁ, బాగానే ఉందమ్మా."

బలం వచ్చింది, బరువే రాలేదు. ఇక ఎవరూ అడగరు. ఆ సంగతే ఆయన్ని వణికించింది. గదిలో కిరణాల మిషన్ పెట్టాక ఎలాగూ కొలుస్తారులే అని సర్దిచెప్పుకున్నాడు. కొలతకు అందకపోతే?

మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పాడు. కూతురు ఫోన్ చేసింది. గది తయారయ్యాక ఆ గోడకు ఇవతల కూర్చుని కిరణాల మిషన్ నడపాల్సింది ఆమే. ఈమధ్యే నెల తప్పింది.

"గోడ లేచిందటగా నాన్నా. మా నాన్నే కలిపాడని అందరికీ చెప్పాను. ఇంక నాకు భయమేంటి?"

ఆయన ఏదో గొణిగి పెట్టేశాడు. చెబితే ఉద్యోగం ఊడుతుంది. ఈ వయసులో ఎవరు పెట్టుకుంటారు? చెప్పకపోతే గోడ గంటగంటకీ గట్టిపడిపోతోంది. లేచి ఇంజనీరమ్మాయి బల్ల ముందు నిలబడ్డాడు.

"ఆ గోడ పగలగొట్టించండమ్మా. ముగ్గురాయి బదులు సున్నపురాయి పడింది. నా చేతులతో నేనే వేశాను. మా అమ్మాయి పనిచేయబోయేది ఆ గోడ పక్కనే."

ఆమె పెన్ను కింద పెట్టింది.

"మీ అమ్మాయి కాకపోతే చెప్పేవారా బాబాయ్?"

ఆయన తన చేతులకేసి చూసుకున్నాడు. పొద్దుట్నుంచీ పడ్డ భయమంతా ఒక ఎత్తు, ఈ ప్రశ్న ఒక ఎత్తు అయింది.

"రేపట్నుంచి రావద్దు," అంది ఆమె, మెల్లగా. ఫోన్ అందుకుని గోడ దగ్గరికి మనుషుల్ని పంపింది.

కాసేపటికి గోడ పగలగొట్టే మోత మొదలైంది. ఆయన వెనక్కి చూడకుండా, సిమెంటు అంటిన పని బూట్లతోనే గేటు దాటి వెళ్లిపోయాడు. షెడ్డు గుమ్మం పక్కన, పొద్దున ఆయన విడిచిన చెప్పుల జత అలాగే ఉండిపోయింది.