ఆ ఫ్రిజ్ ఎవరిది

హైవే పక్కన మూతపడ్డ బారు సామాను అమ్ముతున్నారని తెలిసి పొద్దున వెళ్లిన ప్రభుదాస్, సాయంత్రానికి ఆటోలో అద్దం తలుపున్న ఒక చిన్న ఫ్రిజ్ వేసుకుని ఇంటికొచ్చాడు. నడుమెత్తు కూడా లేదది. లోపల సీసాలు పడుకోబెట్టడానికి వంపులు తిరిగిన చెక్క అరలు. కోదాడలో ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసే దుకాణం అతనిది. పాత సామాను ఇంటికి మోసుకురావడం కొత్తేమీ కాదు. కానీ దీన్ని దుకాణంలో దించకుండా నేరుగా మేడ మీది రేకుల గదికి ఎక్కించేసరికి, అమ్మడానికి తెచ్చింది కాదని అతని భార్య సౌందర్యకు అర్థమైంది.

"వైన్ పెట్టే ఫ్రిజ్ మనకెందుకు?" అని అడిగింది.

"అమ్మ కోసం," అన్నాడు ప్రభుదాస్.

అతని తల్లి జానమ్మ కింద ముందుగదిలో మంచం మీద ఉంది. గరిడేపల్లి పొలాల్లో నాట్లు వేసీ వేసీ వంగిన నడుము ఇప్పుడు అసలు లేవడం లేదు. రొమ్ములో మొదలైన క్యాన్సర్ ఎముకల్లోకి దిగిందని హైదరాబాద్‌లో చెప్పి ఇంటికి పంపేశారు. రాసిచ్చిన నొప్పి మాత్రలు కోదాడలో ఎక్కడా దొరకలేదు, బదులుగా దొరికినవి పనిచేయలేదు. ఒళ్లు కదిపితే చాలు, పళ్లు బిగబట్టుకుని "యేసయ్యా" అని మూలిగేది. ఆమెకు స్నానం చేయించేది, పక్కబట్టలు మార్చేది, నోటికి జావ అందించేది సౌందర్యే. అత్త అని కాదు, పెళ్లైన కొత్తలో కడుపు పోయినప్పుడు తనను పసిపిల్లలా చూసుకున్నది జానమ్మే. ఆ సంగతి సౌందర్య మరిచిపోలేదు.

గంజాయి నూనె నొప్పికి పనిచేస్తుందని ప్రభుదాస్ ఫోన్‌లో చూశాడు. ఎవరో లారీ డ్రైవరు ఇచ్చిన గింజలు మేడ మీద, పాత ఏసీ డబ్బాల చాటున, కుండీల్లో వేశాడు. మొదటిసారి కోసిన పువ్వు గదిలో వేలాడదీస్తే వానాకాలపు చెమ్మకు మొత్తం బూజు పట్టింది. అందుకే ఈ ఫ్రిజ్.

"ఇంట్ల ఫ్రిజ్ల పెడితే మరీ సల్లగయి పాడైతది. ఎండల పెడితే గుణం పోతది. దీంట్ల అయితే జర సల్లగ, జర తడిగ ఉంటది. నిమ్మలంగ ఆరాలె," అని చెబుతూ చెక్క అరలు పీకేసి జాలీలు బిగించాడు. పాత కంప్యూటర్‌లోంచి తీసిన చిన్న ఫ్యాను వెనక అమర్చాడు. వాసన బయటికి పొక్కకుండా బొగ్గు మూట పెట్టాడు. తేమ చూపించే మీటరు లోపల తగిలించాడు. పని చేస్తున్నంతసేపూ అతని ముఖంలో ఒక వెలుగు. తల్లి జబ్బుపడ్డాక మొగుడిని అంత హుషారుగా చూడటం సౌందర్యకు అదే మొదలు.

"పోలీసోళ్లకు తెలిస్తే?"

"ఎట్ల తెలుస్తది? అమ్మ కోసం చేసుకునే మందు. ఊరికి చెప్పుకుంటమా?"

అతను పగలంతా దుకాణంలో ఉంటాడు కాబట్టి ఫ్రిజ్ బాధ్యత సౌందర్యకే వచ్చింది. మీటరు చూడాలి, కరెంటు పోతే తలుపు తీయకుండా కాపాడాలి, ఆరిన పువ్వును గాజు సీసాల్లోకి ఎత్తి రోజూ కాసేపు మూత తీసి గాలి చూపించాలి. ఆమెది మిర్యాలగూడ. తల్లి పిచ్చమ్మ బియ్యం మిల్లులో వడ్లు ఆరబోసే పని చేసేది. పంటికింద గింజ కొరికి, ఇంకా ఎండ కావాలో వద్దో చెప్పేది. ఆ ఇంటి పిల్లకు ఎండటం, చెమ్మగిల్లడం ఒకరు నేర్పాలా? కాడను వంచి చూసి, మెత్తగా వంగుతోందా పుటుక్కుమంటోందా అని వేళ్లతోనే కనిపెట్టేసింది. ప్రార్థనకొచ్చిన పాస్టరమ్మ ముక్కెగరేసి ఏంటమ్మా ఈ వాసన అంటే, అత్తమ్మకు ఆయుర్వేదం మందు కాస్తున్నానని కళ్లు దించుకోకుండా అబద్ధమాడింది.

నెయ్యిలో కాచిన ఆ మందును మొదటిసారి పాలల్లో కలిపి పట్టించిన పూట, జానమ్మ మధ్యాహ్నం అన్నం తిని అలాగే నిద్రపోయింది. సౌందర్య రెండుసార్లు ఆమె ముక్కు దగ్గర వేలుపెట్టి చూసింది. లేచాక జానమ్మ, "పానం తేలికైంది బిడ్డా. ఎన్ని దినాలకు," అంది. సౌందర్య వంటింట్లోకి పోయి ఏడ్చింది. చేసిన పని తప్పో ఒప్పో అన్న తర్కం ఆ ఏడుపుతో తీరిపోయింది.

తర్వాత కుండీలు పెరిగాయి. మేడ మీద నడవడానికి సందు లేకుండా పోయింది. ఆరబెట్టిన సరుకు సీసాల నిండా ఉండేది, మళ్లీ చూస్తే అడుగున ఉండేది. జానమ్మకు పట్టేది చిటికెడే. అడిగితే ప్రభుదాస్, ఆరితే తగ్గిపోతదిలే అన్నాడు. వడ్లు ఆరబోసిన ఇంటి పిల్లకు ఆ మాట ఎక్కలేదు. అంతలో ఒకనాడు మధ్యాహ్నం ఇంజనీరింగ్ కాలేజీ కుర్రాడొకడు గుమ్మంలో బండి ఆపి, "అన్న లేడా అక్కా? ఫ్రిజ్ సరుకు తీసుకోమన్నారు," అన్నాడు ఆంధ్ర యాసలో. ఎదురింటివాళ్లు చూస్తున్నారని సౌందర్య తలుపు వేసేసింది.

ఆ సాయంత్రం ఆమె మొగుణ్ని నిలదీసింది. "మందు అన్నవ్. అమ్మ పేరు చెప్పి ఏం చేస్తున్నవ్?"

"అమ్మకు తక్కువ చేసిన్నా? మిగిలింది ఇచ్చిన. దుకాణం ఎట్ల నడుస్తుందో నీకు తెల్వదా?"

"నాతోని కాపలా కాయించినవ్."

"ఇగ ఈ పంటతోని ఖతం. ఒట్టు," అన్నాడు. జానమ్మ పక్కగదిలోంచి, "ఏందిరా లొల్లి?" అంది. ఏం లేదమ్మా అన్నాడు. కానీ ఆ ఇంటి గోడలు పల్చన. ఆమె అంతా విన్నదని, మర్నాడు తల దువ్వుతున్నప్పుడు సౌందర్యకు తెలిసింది. "వాడు చెడ్డోడు గాదు బిడ్డా. కష్టాలల్ల అట్ల జేసిండు. నువ్వు కోపం పెట్టుకోకు," అంది జానమ్మ. సౌందర్య పేలదువ్వెన ఆపలేదు.

దసరాకు ముందు ఆ కాలేజీ కుర్రాడు ఎక్కడో దొరికిపోయాడు. ఇల్లు చూపించాడు. ఎస్సై నాగేందర్ జీపు వాకిట్లో ఆగేసరికి సౌందర్య మేడ మీద కుండీలకు నీళ్లు పోస్తోంది. ఎదురింటివాళ్లందరూ బయటికొచ్చి చూశారు. ప్రభుదాస్‌ను దుకాణం నుంచి పిలిపించారు. పోలీసులు కుండీలు దించారు, సీసాలు దించారు, చివరికి ఇద్దరు పట్టుకుని ఆ ఫ్రిజ్‌ను ముందుగదిలోకి తెచ్చి జానమ్మ మంచం ముందు పెట్టారు.

"ఇది ఎవరిది?" అన్నాడు ఎస్సై.

ప్రభుదాస్ నేలచూపులు చూశాడు. "పాత ఫ్రిజ్ సార్. ఇంట్ల పడేసిన. నేను పొద్దందాక దుకాణంలనే ఉంట. ఇంటికాడ ఏమైతదో నాకు తెల్వదు."

సౌందర్యకు ముందు ఆ మాట సరిగ్గా వినబడలేదనిపించింది. అతని వైపు చూసింది. అతను తల ఎత్తలేదు. ఎస్సై దగ్గర తన నోటితో చెప్పుకోవడం ఎందుకు, అత్తమ్మ ఉందిగా అనుకుంది. ఈ ఇంట్లో ఎవరు ఏం తెచ్చారో, ఎవరు ఎందుకు చేశారో మొత్తం ఎరిగిన మనిషి.

"చెప్పు అత్తమ్మా," అంది.

జానమ్మ నొప్పితోనే మోచేతి మీద కొంచెం లేచింది. కొడుకును చూసింది, కోడల్ని చూసింది. "నా కొడుక్కు ఏం ఎరుక లేదు సార్. నా కోడలే సూస్కుంటది అదంతా," అంది. చెప్పేసి వెనక్కి వాలి గోడవైపు తిరిగింది.

మేడ మీద నీళ్లు పోసింది సౌందర్య. సీసాల మీద వేలిముద్రలు సౌందర్యవి. ఎదురింటివాళ్లు చూసింది సౌందర్యను. కాలేజీ కుర్రాడు సైతం, ఎందుకో, ఇంటికాడ ఉండేది అక్కే అని ఒక్క మాట అన్నాడట. ఇద్దర్నీ తీసుకుపోతే ముసలామెను ఎవరు చూస్తారన్న మాట కూడా వచ్చింది. జీపు ఎక్కేముందు ప్రభుదాస్ దగ్గరికొచ్చి, పెదవులు కదలకుండా, "ఆడమనిషివి, జల్దీ బెయిలిస్తరు. నేను పోతే ఇల్లు మునుగుతది," అన్నాడు. ఆమె చీర కొంగు తడిగా ఉంది, కుండీలకు పోసిన నీళ్లతో. దాన్ని పిండుకుంటూ జీపెక్కింది.

బెయిలు జల్దీగా రాలేదు. మొక్కలు పెంచిన కేసు కాబట్టి అంత తేలిక కాదని వకీలు చెప్పాడు. జైల్లో ఉన్నన్నాళ్లూ ప్రభుదాస్ ఒక్కసారి వచ్చాడు, దుకాణం వదిలి రావడం కష్టంగా ఉందని చెప్పి పోయాడు. చివరికి పిచ్చమ్మే మిల్లు మేస్త్రీ కాళ్లావేళ్లా పడి జామీనుదార్లను తెచ్చుకుంది. క్రిస్మస్ లోపల సౌందర్య బయటికొచ్చి, కోదాడ బస్సు ఎక్కకుండా తల్లితో మిర్యాలగూడ పోయింది. అదే మిల్లులో పనికి కుదిరింది. తోటి ఆడవాళ్లు ఆమె ముందు ఏమీ అనేవాళ్లు కాదు. అన్నం ముద్ద తింటున్నప్పుడు మాత్రం కొంచెం ఎడంగా కూర్చునేవాళ్లు.

ఎండలు మొదలవుతుండగా ప్రభుదాస్ మిల్లు గేటు దగ్గరికి వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది. "అమ్మ సూర్యాపేట పెద్ద దవాఖానల ఉంది. నిన్నే తలుస్తుంది. ఒక్కపారి రా," అన్నాడు.

ఆమె అతనితో పోలేదు. మర్నాడు ఒక్కతే వెళ్లింది.

జానమ్మ మంచంలో గుప్పెడంత అయిపోయింది. పక్కన ఎవరూ లేరు. తల అట్టకట్టి ఉంది, వీపు కింద పుండ్లు పడ్డాయి. సౌందర్య మాట్లాడకుండా నీళ్లు తెచ్చి ముఖం తుడిచింది. జానమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"నీ పేరు చెప్పకుంటె వాడు జైలుకు పోతుండె. వాడు పోతే నాకెవరున్నరు బిడ్డా?"

"నేనున్న గద అత్తమ్మా."

జానమ్మ మెల్లగా, దాచుకోవాల్సిన మాట అని కూడా అనిపించనట్టు, "నువ్వు కోడలివి గదా," అంది.

సౌందర్య తుడుస్తున్న బట్టను గిన్నెలో వేసింది. "వకీలును తోల్కొస్త. ఉన్నది ఉన్నట్టు చెప్తవా? మందు ఎవరు మొదలుపెట్టిండ్రు, ఎవరు అమ్మిండ్రు, అంతే. నీ కొడుకును తిట్టమంటలేను. నిజం చెప్పమంటున్న."

జానమ్మ చెయ్యి వదిలేసింది. కళ్లు మూసుకుంది. నిద్ర కాదని ఇద్దరికీ తెలుసు.

వరండాలోకి వచ్చేసరికి నర్సు ఎదురైంది. "ఆ బెడ్డు ముసలామె మనిషివి నువ్వేనా? పక్కన ఎవరూ ఉంటలేరు, పుండ్లు కడగాలె, బట్టలు మార్చాలె. ఇయ్యాల నుంచి ఉంటవా?"

సౌందర్యకు ఒక్కక్షణం చేతులు వాటంతటవే ఆ మంచం వైపు కదలబోయినట్టు అనిపించింది. ఆ వీపు ఎలా ఎత్తాలో, ఏ పక్కకు తిప్పితే నొప్పి తక్కువో ఆ చేతులకు తెలుసు.

"నేను కాదు సిస్టర్," అంది. "ఆమెకు కొడుకున్నడు." ప్రభుదాస్ నంబరు చెప్పి మెట్లు దిగింది.

ఈస్టరుకు ముందే జానమ్మ పోయింది. ప్రభుదాస్ ఫోన్ చేస్తే పిచ్చమ్మ ఎత్తింది. సౌందర్య సమాధికి పోలేదు. ఆ రోజు మిల్లులో రెండో షిఫ్టు కూడా చేసింది. కోదాడలో జనం, అత్త చావుకు కూడా రాని మనిషి గంజాయి అమ్మిందంటే ఆశ్చర్యమేముంది అనుకున్నారట.

కేసు ఇంకా నడుస్తోంది. జానమ్మ మంచంలోంచి ఎస్సైకి చెప్పిన మాట కాగితం మీద అలాగే ఉంది, దాన్ని మార్చడానికి మనిషి లేదు. వాయిదాకు ప్రభుదాస్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వస్తాడు, సాక్షుల బెంచీ మీద కూర్చుంటాడు. బంట్రోతు సౌందర్య పేరును మొగుడి పేరుతో కలిపి పిలుస్తాడు. ఆమె వెళ్లి బోనులో నిలబడుతుంది.