బరువెక్కిన ఇనుము

ఓ వేసవిలో మా ఊరు కడీనాలో ఎంత ఎండ కాసిందంటే, రైలు పట్టాలు సాగి సాగి పక్కనున్న వాలరూ ఊరు రెండు మైళ్ళు అవతలికి జరిగిపోయింది. దూరం పెరిగిందని బస్సువాడు టికెట్టు కూడా పెంచాడు. నేను ఇలాంటిది మొదలుపెడితే చాలు, ట్రెంబాత్ షెడ్డులో అందరూ చేతిలో పని పక్కన పడేసి నవ్వేవాళ్ళు. ఈ క్లారీగాడు, అంటే నేను, నోరు తెరిచాడంటే నవ్వడానికే అని వాళ్ళ లెక్క.

ఆ షెడ్డులో మేం చేసేది ట్రాక్టర్ల మీద బిగించే ఇనప ఫ్రేములు. గట్టు మీద ట్రాక్టర్ తిరగబడితే డ్రైవర్ నలిగిపోకుండా కాసేది అదే. కొత్త ఫ్రేము చేసినప్పుడల్లా దాన్ని నేలకి బిగించి, పక్కనుంచి హైడ్రాలిక్ జాకీతో నొక్కుతాం. మెల్లగా నొక్కాలి. జాకీ కదులుతోందో లేదో కంటికి తెలియనంత మెల్లగా. నొక్కేముందు ఆ ఫ్రేము గీసినవాళ్ళు తమ మధ్యాహ్నం పాస్టీని, అదే మాంసం కూరిన రొట్టెని, డ్రైవర్ సీటు మీద పెట్టాలి. అది మా షెడ్డు ఆచారం. ఫ్రేము నిలబడితే పాస్టీ తినొచ్చు. వంగి దాన్ని చితకగొడితే ఆ పూట పస్తు.

టామ్సిన్ నాన్‌కివెల్ మా ఇంజనీరు. ఏడాదిగా ఆ పిల్ల ఒక్క పూట కూడా పస్తుండలేదు. ఇనుము కోయకముందే ఫ్రేమును కంప్యూటర్లో వేసి, చిన్న చిన్న గళ్ళుగా చేసి, అందులోనే నొక్కి చూసేది.

ఆ గురువారం నేను ఆమె గది ఊడుస్తుంటే యజమాని రస్ ట్రెంబాత్ లోపలికొచ్చాడు.

"సోమవారం డీలర్లొస్తున్నారు, వాళ్ళ ముందే కొత్త ఫ్రేము నొక్కాలి. వాళ్ళ చేతిలో పెట్టడానికి అది నిలబడ్డట్టు కంప్యూటర్ బొమ్మ కావాలి. అయిందా?"

"లేదు రస్. మెల్లగా నొక్కేది కదా, కంప్యూటర్‌కి చాలా టైం పడుతుంది. వచ్చే బుధవారానికి అవుతుంది."

"బుధవారం నాకెందుకమ్మా, బూడిదలో పోయనా? తొందరగా చేసే కిటుకేదో ఉందన్నావుగా మొన్న?"

"ఉంది. కంప్యూటర్ లెక్కలో ఇనుముని ఉన్నదానికంటే బరువుగా పెట్టొచ్చు. అప్పుడు కంప్యూటర్ పెద్ద పెద్ద అంగలేస్తుంది. కొంచెం పెడితే ఫరవాలేదు. నువ్వడిగేంత తొందరంటే చాలా పెట్టాలి. అప్పుడొచ్చేది అబద్ధం."

"ఎంత బరువైనా పెట్టుకో. రేపటికి బొమ్మ కావాలి. చూపించడానికేలే, ఊరికే."

అంటూ వెళ్ళిపోయాడు. నేను చీపురు మీద ఆనుకుని అడిగాను. "బరువు పెడితే అబద్ధమెందుకవుద్ది తల్లీ? ఇనుము ఇనుమే కదా?"

"ముసలోడా, గొలుసుకి గోధుమ బస్తా వేలాడదీసి వేలితో మెల్లగా నెట్టు. ఏమవుద్ది?"

"జరుగుద్ది."

"అదే గట్టిగా గుద్దు."

"గుద్దాను ఒకసారి. నా పిడికిలి మోచేతి దాకా లోపలికెళ్ళింది. వారం రోజులు మోచేత్తోనే టీ తాగాను."

ఆమె నవ్వింది. "చూశావా. బస్తాకి బలమేం లేదు, బరువుంది. తొందరగా కదపబోతే ఆ బరువే ఎదురు తంతుంది. ఇక్కడా అంతే. జాకీకి ఎదురు నిలిచేది ఫ్రేము కాదు, నేను పెట్టిన దొంగ బరువు. చూసేవాళ్ళకి మాత్రం ఫ్రేమే నిలబడ్డట్టుంటుంది."

"మరి దొంగ బరువని ఎలా తెలుస్తది?"

"రెండు గీతలుంటాయి. ఇనుము వంగడానికి పోయిన శక్తి ఒకటి, కదలడానికి పోయిన శక్తి ఒకటి. మెల్లగా నొక్కితే రెండోది నలుసంత ఉండాలి. ఇందులో రెండూ పక్కపక్కనే పోతాయి."

శుక్రవారం ఆమె బొమ్మ ఇచ్చింది, ఆ గీతలతో సహా. రస్ గీతల్ని పక్కన పడేశాడు. "ఈ వానపాములెవడిక్కావాలి?" అని రంగుల బొమ్మ ఒక్కటే, కింద ఆమె పేరుతో, డీలర్లందరికీ పంపేశాడు.

ఆమె మాత్రం బరువు తీసేసి, మెల్లగా నొక్కే లెక్కను మళ్ళీ మొదలెట్టి ఇంటికెళ్ళింది. సోమవారం పొద్దున్నే వచ్చి చూసేసరికి లెక్క సగం దూరం నడిచింది. ఆ సగానికే ఎడమ మూల అతుకు దగ్గర ఇనుము మడత పడుతోంది. పరుగున రస్ దగ్గరికి వెళ్ళింది. వెనకే నేనూ వెళ్ళాను, ఊడవడానికేం లేకపోయినా.

"రస్, ఇవాళ నొక్కొద్దు. మూలలో ఒక పలక అతికించాలి. ఒక్కరోజివ్వు."

"డీలర్లు గేటు దగ్గరున్నారు. వాళ్ళ చేతిలో నీ బొమ్మే ఉంది, నిలబడుతుందని. ఇప్పుడు నేనెళ్ళి ఏం చెప్పాలి?"

"నిజం చెప్పు."

"వెళ్ళి నీ పాస్టీ పెట్టు, ఫో."

పెట్టింది. డీలర్లు టీ కప్పులు పట్టుకుని చుట్టూ నిలబడ్డారు. జాకీ కదిలింది. చాలాసేపు ఏమీ కాలేదు. రస్ నవ్వుతూ వాతావరణం గురించి మాట్లాడుతున్నాడు. ఇంతలో ఎడమ మూల కిర్రుమంది. ఫ్రేము నిద్రొస్తున్నవాడి తలలా పక్కకి వాలింది. పాస్టీలోని మాంసం, బంగాళదుంప సీటు మీదుగా జారి నేల మీద పడ్డాయి.

ముసలి డీలరొకడు చేతిలో బొమ్మ చూశాడు, ఫ్రేమును చూశాడు. "ఇందులో నిలబడిందే, ట్రెంబాత్?"

రస్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మా ఇంజనీరు లెక్క అదండీ. నేను కంప్యూటర్ మనిషిని కాదు. చదువుకున్నవాళ్ళని నమ్మాను."

టామ్సిన్ మొహం తెల్లబడింది. "నేను వద్దన్నాను రస్. అబద్ధమని చెప్పాను. ఎంత బరువైనా పెట్టుకోమన్నది నువ్వు."

"నేనా? ఎవరు విన్నారు?"

"నేను విన్నా," అన్నాను. జనాన్ని తోసుకుని ముందుకొచ్చాను. "గురువారం. ఆమె గదిలో చీపురు పట్టుకుని నేనక్కడే ఉన్నా. దొంగ బరువని ఆ పిల్ల మొత్తుకుంది. అయినా పెట్టమన్నాడు. ఇవాళ పొద్దున కూడా నొక్కొద్దంది."

ముందు వెల్డర్ కిట్టో నవ్వాడు. "అదుగో, మొదలెట్టాడు!"

"కంప్యూటర్లో ఇనుము బరువెక్కిందా క్లారీ? ఎవడు మోశాడు, నువ్వేనా?"

"వాలరూ ఇంకా అక్కడే ఉందా, మళ్ళీ జరిగిందా?"

డీలర్లకి కూడా నా సంగతి తెలుసు. వాళ్ళూ నవ్వారు. రస్ అందరికంటే గట్టిగా నవ్వి, నా భుజం తట్టాడు. "మావాడు బంగారమండీ. వీడు లేకపోతే మాకు పొద్దుపోదు."

"ఒట్టు," అన్నాను. "మా అమ్మ మీద ఒట్టు." దానికి ఇంకా నవ్వారు. కిట్టోకైతే కళ్ళనీళ్ళొచ్చాయి.

టామ్సిన్ ఒక్కతే నవ్వలేదు. కింద పడ్డ పాస్టీ ముక్కలు ఏరి డబ్బాలో వేసింది. "వదిలెయ్, ముసలోడా," అంది మెల్లగా. ఆ సాయంత్రమే ఆమెని పంపేశారు.

మూలలో పలక అతికించారు. ఎక్కడ అతికించాలో ఎవరూ వెతుక్కోనక్కర్లేకపోయింది, టామ్సిన్ గదిలో తెర మీద మడత ఇంకా కనిపిస్తూనే ఉంది. మళ్ళీ నొక్కారు, నిలబడింది. ఈసారి సీటు మీద పాస్టీ పెట్టింది రస్. దాన్ని కొరుకుతుండగా పేపరువాళ్ళు ఫోటో తీశారు.

ఇప్పుడు మా రోడ్ల మీద వెళ్ళే ప్రతి కొత్త ట్రాక్టరుకీ ఎడమ మూలలో ఆ పలక ఉంటుంది. దాని మీద ట్రెంబాత్ అని ఎర్ర రంగుతో రాసుంటుంది. టామ్సిన్ ఇప్పుడు పోర్ట్ పిరీ అనే ఊళ్ళో ఏదో కొట్లో పనిచేస్తోందట. ఆ బొమ్మ కింద పేరు చూసినవాళ్ళెవరూ ఇంజనీరు పని ఇవ్వలేదు.

శుక్రవారం సాయంత్రాలు పబ్బులో అడుగుతారు. "ఏదీ క్లారీ, ఆ బరువెక్కిన ఇనుము కథ చెప్పవోయ్, బీరు మాది." చెబుతాను. కిట్టో మధ్యలో అందుకుంటాడు. వాడు చెప్పే దాంట్లో పాస్టీ గొర్రెంత ఉంటుంది, జాకీ షెడ్డు పైకప్పు దాకా లేస్తుంది. ఏడాదికేడాది వాళ్ళ చేతుల్లో అది పెరుగుతూనే ఉంది. నేను మాత్రం అందులో ఇంతవరకూ ఒక్క ముక్క కలపలేదు.