గాటు లేని ముఖం

నా బిడ్డ తన తల్లి ముఖాన్ని కంప్యూటర్లో పెట్టి అమ్ముకుంది. ఎవరు ఎన్ని చెప్పినా ఇది మారదు.

నా పేరు బాలప్ప. మాది పెద్దేముల్ పక్కన ఊరు. ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివి తాండూరు నాపరాయి గనుల్లో పనికి పోయాను. నా భార్య రాహేలమ్మ అక్కడే రాళ్లు నున్నగా చేసే పాలిష్ మిషన్ దగ్గర పనిచేసింది. ఆ దుమ్ము ఆమె ఊపిరితిత్తుల్లో పేరుకుంది. పోయిన ఎండాకాలం ఊపిరాడక చనిపోయింది.

ఆమె ఎడమ కనుబొమ్మ మీద గాటు ఉండేది. పెళ్లయిన కొత్తలో రాతి పెచ్చు ఎగిరి తగిలింది. పసుపు అద్దుకుని మళ్లీ మిషన్ దగ్గరే నిలబడింది. అక్కడ తిరిగి వెంట్రుక మొలవలేదు. కనుబొమ్మ రెండు ముక్కలుగానే ఉండిపోయింది.

ఆమె బొట్టు పెట్టేది కాదు. బాప్తిస్మం తీసుకున్న ఇంటి పిల్ల. బొట్టు కోసం మా అమ్మ ఆమెతో ఏళ్ల తరబడి పోట్లాడింది. రాహేలమ్మ ఎదురు మాట్లాడలేదు, బొట్టూ పెట్టలేదు. మా అమ్మ పోయాక కూడా ఆ నుదురు ఖాళీగానే ఉంది.

ఆమె చనిపోయాక జ్ఞాపకార్థ కూడిక పెట్టాం. ఫ్లెక్సీ కావాలి. ఉన్నది ఒకటే మంచి ఫోటో. కంది చేనులో నవ్వుతుంటే మా బిడ్డ బిందు పాత ఫోన్‌తో తీసింది. తాండూరు ఫ్లెక్సీ షాపులో దాన్ని పెద్దది చేస్తే ముఖం గళ్లు గళ్లుగా పగిలింది. బిందు వికారాబాద్‌లో గది అద్దెకు తీసుకుని కంప్యూటర్ మీద బొమ్మలు గీసి బతుకుతుంది.

"అవ్వను నేను గీసిస్త నాయినా" అంది. "ఫోటో అంటే అన్ని చుక్కలే. సాగదీస్తె చుక్కలు దూరం దూరం అయితయి. దాన్ని రాస్టర్ అంటరు. నేను గీసేది వెక్టర్. అన్ని గీతలే. గోడంత చేసినా పగలదు."

గీసింది. గాటు ఉంది. నుదురు ఖాళీగా ఉంది. రాహేలమ్మ చెల్లెలు మార్త ఆ ఫ్లెక్సీ ముందు నిలబడి "అక్కా" అని పిలిచింది. నేను బిడ్డ తల మీద చెయ్యి పెట్టాను.

వానలు మొదలయ్యాక ఒక రోజు తాండూరు పోదామని పెద్దేముల్‌లో ఆటో దగ్గరికి పోయాను. ఆటో వెనక రాహేలమ్మ ఉంది. వికారాబాద్‌లో ఏదో ఊపిరితిత్తుల ఆసుపత్రి ప్రకటన. కంది చేనులో నవ్విన అదే నవ్వు. పక్కన పెద్ద అక్షరాలు: 'ఇప్పుడు హాయిగా ఊపిరి పీలుస్తున్నా.' నుదుట రూపాయంత ఎర్ర బొట్టు. కనుబొమ్మ నిండుగా ఉంది.

"ఏం కాకా, గట్ల నిలవడ్డవ్?" అన్నాడు ఆటో నడిపే మహేష్. "మా అవ్వ గుడ అన్నది, జర రాహేలమ్మ లెక్కనే ఉన్నదని."

"లెక్క ఏందిరా, ఆమెనే" అంది లోపల కూర్చున్న మా ఊరి ఎంకమ్మ. "బతికినన్ని దినాలు బొట్టు పెట్టమంటే పెట్టలే. సచ్చినంక ముత్తైదువయి ఆటో ఎక్కింది. ఊపిరి గుడ మంచిగొస్తున్నదంట, సదువుకో బాలప్పా."

ఆటోలో అందరూ నవ్వారు. నేను ఎక్కలేదు. ఇంటికి వచ్చి గోడకున్న ఫోటో తీసి, తువ్వాలలో చుట్టుకుని వికారాబాద్ బస్సెక్కాను. మా ఫ్లెక్సీ చూసి ఎవరో దొంగిలించారనుకున్నాను.

ఆసుపత్రిలో ప్రకటనలు చూసుకునే మనిషి చంద్రకాంత్. మర్యాదస్తుడు. కుర్చీ వేశాడు.

"గిది ఎవ్వరి బొమ్మ కాదు పెద్దమనిషి. ఇంటర్నెట్ల బొమ్మలమ్మే దుకాణాలుంటయి. గీసేటోళ్లు అందులో పెడ్తరు. పైసలు కట్టి ఎవరన్న దించుకోవచ్చు. మేం అట్లనే కొన్నం."

కంప్యూటర్ నా వైపు తిప్పాడు. ఆ ముఖమే వరసలు వరసలుగా ఉంది. పచ్చ చీరలో, ఎర్ర చీరలో. నెత్తిన గంపతో, చేతిలో కొడవలితో, చెవి దగ్గర ఫోన్‌తో. అన్నిటికీ ఒకటే నవ్వు.

"ఇవి గీతలవి. వీటిని విడదీసి చీర రంగు మార్చుకోవచ్చు, ముఖం తీసి ఇంకో ఒంటికి పెట్టుకోవచ్చు. కిందున్నయి చుక్కలవి. రెండు తీర్ల పెట్టింది. ఎవరోగాని మస్తు గీసింది."

గీసినవాళ్ల పేరు కింద ఉంది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివాను. బిందు, వికారాబాద్.

"నా బిడ్డ" అన్నాను.

తువ్వాల విప్పి ఫోటో ఇచ్చాను. అతను దాన్నీ బొమ్మనూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"ఈమెకు కనుబొమ్మ తెగున్నది. బొట్టు లేదు. ఈమె ఆమె కాదు కదా?"

"ఆమెనే."

"ఆమెనే అయితే ఇప్పుడు ఎట్లున్నది?"

"ఊపిరాడక పోయింది."

అతని ముఖం మారింది. లేచి తలుపు దగ్గరికి వేశాడు. నేను ఎవరినీ బతిమాలేవాణ్ణి కాదు. ఆ రోజు బతిమాలాను. ఆటోల మీద నుంచి ఆమెను దించండి అని చేతులు పట్టుకున్నాను.

"నా చేతుల ఉంటే ఇప్పుడే పీకిపిస్త. మా సార్‌కు ఏదన్న ఆధారం చూపెట్టాలె. నీ బిడ్డతోటి ఒక్క మాట చెప్పియ్యి. ఇది మా అవ్వ బొమ్మ అని ఫోన్ల అంటే చాలు. సచ్చిపోయిన మనిషిని పెట్టి బతికిందని రాసుకుంటే మాకు గుడ మంచిది కాదు. రేపే తీపిస్త."

నంబరు రాసిచ్చాడు. బిందు గది ఊరికి ఆ చివర. నడిచి పోయాను. ఒక్క మాటే కదా అనుకుంటూ నడిచాను.

తువ్వాల విప్పి ఫోటో మంచం మీద పెట్టగానే విషయం ఏమిటో ఆమెకు తెలిసిపోయింది.

"గాటు ఎందుకు తీసేసినవ్?"

"ఎవరన్నది గుర్తువట్టేటట్టు ఉంటే దుకాణమోళ్లు తీసుకోరు నాయినా. నిజం మనిషి అయితే ఆ ఇంటోళ్లు ఒప్పుకున్నట్టు సంతకం అడుగుతరు. నిన్నడిగితే నువ్వు పెడ్తవా?"

"బొట్టు?"

"బొట్టు లేకుంటే పల్లెటూరి ఆడామె లెక్క కనవడదంట. మొదలు ఒట్టి నుదురుతోనే పెట్టిన. ఎవ్వరు కొనలే. కందికాయలు గీసిన, గుట్టలు గీసిన, నాపరాళ్లు గీసిన. ఏది అమ్ముడు పోలే. అవ్వ ఒక్కతే పోయింది."

"తీసెయ్యి."

నా ముందే తీసేసింది. వరసలన్నీ మాయమయ్యాయి. "కొన్నోళ్ల కాడ ఉన్నయి ఉంటయి. వాటి మీద నా చెయ్యి ఏం లేదు" అంది.

ఆసుపత్రివాడు చెప్పింది చెప్పాను. ఫోన్ చెయ్యమన్నాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

"అట్లంటె నిజం మనిషిని అడగకుండ పెట్టినట్టు నేనే ఒప్పుకున్నట్టు. ఆ సంగతి దుకాణమోళ్ల దాక పోతె నా ఖాతా మూసేస్తరు. గీసినయన్ని పోతయి. మల్ల ఎన్నడు తెరవనియ్యరు. నేను ఏం చేసి బతకాలె?"

"ఊరికి రా."

"వచ్చి? మిషన్ కాడికి పోవాల్నా, అవ్వ లెక్క?"

ఆమె గడ్డం పట్టుకున్నాను. "ఒక్క మాట బిడ్డా. మా అవ్వ అను. అంతే" అన్నాను. ఆమె కళ్లు తుడుచుకుంది. అంటుందనే అనుకున్నాను. నేనే నంబరు నొక్కి, గొంతు బయటికి వినిపించేట్టు పెట్టి ఆమె చేతికి ఇచ్చాను.

"చెప్పమ్మా" అన్నాడు చంద్రకాంత్. "మీ నాయిన వచ్చిండు మా కాడికి. ఆ బొమ్మ మీ అవ్వదేనా?"

బిందు మంచం మీద పెట్టిన ఫోటో వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

"కాదు సార్" అంది. "ఎవ్వరిది కాదు. ఉత్తగ మనసుల అనుకొని గీసిన."

"మరి పెద్దమనిషి గంత గట్టిగ..."

"అవ్వ పోయినప్పటి నుంచి మా నాయిన గిట్లనే అంటుండు సార్. ఎవ్వరిని చూసినా అవ్వనే అంటడు. ఏమనుకోకుండ్రి."

"అయ్యో. సరే అమ్మా, జర మంచిగ చూస్కోండ్రి" అని అతను పెట్టేశాడు.

నేను ఫోటోను తువ్వాలలో చుట్టుకున్నాను. బిందు తలుపుకు అడ్డంగా నిలబడింది.

"తిట్టు నాయినా. కొట్టు. ఏదన్న అను. గట్ల పోకు."

పక్కకు జరిపి మెట్లు దిగాను. బస్టాండు దాకా వెనకే వచ్చింది. బస్సు కదిలినా కిటికీ పట్టుకుని నడిచింది. నేను ముందుకే చూశాను.

ఇంటికి చేరేసరికి గడప మీద మార్త ఉంది.

"పోయిన పని ఏమైంది బావా? బిందు ఏమన్నది?"

"మంచిగున్నది."

"బొమ్మ సంగతి?"

"ఏ బొమ్మ?"

మార్త నా ముఖం చూసి లేచి వెళ్లిపోయింది.

బిందు ఇప్పటికీ ఫోన్ చేస్తుంది. తిన్నావా అంటే తిన్నానంటాను. వాన పడిందా అంటే పడిందంటాను. ఆ రోజు మాట ఎత్తితే పెట్టేస్తాను. ఈ నాలుగు ముక్కలు రాయడం వరకే. ఇక బిందు అడిగినా, మార్త అడిగినా, పాస్టరు గారు ప్రార్థన చేస్తానని వచ్చి కూర్చున్నా, దీని గురించి నేను నోరు విప్పను.